చివరి షాట్‌లో పంతులమ్మ

ఆ సినిమా చూసి మీరు కూడా ఏడ్చే ఉంటారు. అందరూ ఏడ్చారు. క్రిస్మస్ సెలవులకి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, మంచు తుఫానులో చిక్కుకున్న బడిపిల్లల్ని అయిదు కుక్కలు కాపాడుతుంటే చప్పట్లు కొట్టారు. చివర్లో పెద్ద కుక్క మంచులో ప్రాణం వదిలేసినట్టు పడి ఉంటే ముక్కులు చీదారు. అంతలో అది తూలుతూ లేచి నిలబడేసరికి పక్కవాళ్ళని పట్టుకుని మరీ ఏడ్చారు. మా వీధిలో బ్రెడ్డు అమ్మే ఆయన, తన పెళ్ళాం పోయినప్పుడు కూడా కంట తడి పెట్టలేదు. అలాంటి మనిషి ఆ సీను చెబుతూ కళ్ళు తుడుచుకుని, నాకివ్వాల్సిన బ్రెడ్డు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

నాకు మాత్రం ఆ సీను పేరెత్తితే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ కుక్క మా ఇంటిది. దాన్ని పెంచింది మా వదిన. అది ఎందుకు తూలిందో, ఎవరిని చూసి లేచిందో నాకు తెలుసు. అందుకే ఎవరైనా నా ముందు "అబ్బ, ఎంత బాగా చేసిందండీ!" అంటే వాళ్ళ నోరు కుట్టేయాలనిపిస్తుంది. బట్టలు కుట్టేదాన్ని, సూది దారం ఎప్పుడూ దగ్గరే ఉంటాయి. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో పేరు. ఉన్న మాటే. ఈ విషయంలో ఆ కోపాన్ని ఎక్కడా తగ్గించి చెప్పను.

మా వదిన సినిమాలకి కుక్కల్ని తయారుచేసి పంపుతుంది. మనిషి చూస్తే ఇంతే ఉంటుంది, గట్టిగా గాలి వీస్తే ఎవరైనా పట్టుకోవాలేమో అన్నట్టు. కానీ గుమ్మంలో నిలబడి చూపుడువేలు ఎత్తిందంటే, నడుమెత్తు కుక్కలు అయిదూ కిక్కురుమనకుండా గోడవారన కూచుంటాయి. వాళ్ళ నాన్న ఒక గోదాముకి కాపలాదారు. ఆమె అక్కడి కాపలా కుక్కల మధ్యే పెరిగింది. పెళ్ళై మా ఇంటికొచ్చినప్పుడు పెట్టెతో పాటు ఒక కుక్కనీ తెచ్చుకుంది. మా అమ్మ గుమ్మంలోనే ఆపి, "కోడలొస్తోందన్నారు గానీ కుక్క కూడా వస్తోందని చెప్పలేదే" అంది. "అది నా మాట వింటుందత్తయ్యా" అంది వదిన. "సరే, మరి నువ్వెవరి మాట వింటావు?" అంది అమ్మ. వదిన నవ్వేసింది. తర్వాత ఆ అత్తాకోడళ్ళు ఎంత కలిసిపోయారంటే, నన్ను తిట్టడానికి ఇద్దరూ వంతులు వేసుకునేవారు. అమ్మ పోయి చాలా కాలమైంది.

మేముండేది ఒక మేడ కింది భాగంలో. ముందుగదిలో నా మిషను, మధ్యగదిలో మనుషులు, వెనక సిమెంటు పెరట్లో కుక్కలు. పై అంతస్తుల్లో వేరే కుటుంబాలు. మా అన్నయ్య కుక్కల్ని షూటింగులకి చేరవేసే వ్యాను నడుపుతాడు. మెత్తని మనిషి. ఎవరేమన్నా "సర్లెండి" అంటాడు. ఆ "సర్లెండి" విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

షూటింగులో కుక్కని నోటితో పిలవకూడదు, గొంతు రికార్డులో పడుతుంది. అందుకని వదిన అంతా చేతి సైగలతోనే నేర్పుతుంది. ఇంట్లో కూడా అదే అలవాటైపోయి మా అన్నయ్యని సైగలతోనే నడుపుతుందని నేను ఏడిపించేదాన్ని. పనిలో ఆమెకి ఒక పట్టింపు ఉంది. కుక్క నడవాల్సిన నేల మీద ముందు తను చెప్పులు విప్పి నడుస్తుంది. మేకుందా, గాజుపెంకుందా, కాలుతోందా, జారుతోందా అని తన పాదాలతోనే చూసుకుంటుంది. పెద్ద పెద్ద సెట్టుల్లో, ఖరీదైన బట్టలేసుకున్న వాళ్ళ మధ్య, ఈమె వట్టి కాళ్ళతో అటూ ఇటూ తిరుగుతుంటే అందరూ నవ్వేవారు. నవ్వనివ్వండి, నా కుక్క పాదాలు బాగుంటే చాలు అనేది.

ఇక పంతులమ్మ. తెల్లటి ఒళ్ళు, ఒక కన్ను చుట్టూ నల్ల మచ్చ. పిల్లగా ఉన్నప్పటి నుంచే తప్పుచేసిన వాళ్ళని చూసినట్టు అందరినీ ఎగాదిగా చూసేది. ఆ చూపుకే నేను పంతులమ్మ అని పేరు పెట్టాను. వదిన తయారుచేసిన కుక్కలన్నిటిలోకీ ఇదే గొప్పది. ముఖ్యంగా చచ్చిపోవడంలో. వదిన అరచేతిని కిందికి తిప్పి మెల్లగా దించితే చాలు, పంతులమ్మ ఎక్కడ ఉంటే అక్కడ ఒరిగిపోయేది. ఊపిరి కూడా కనపడనిచ్చేది కాదు. మళ్ళీ లేవాలంటే వదిన దానికి కనపడేలా తన కుడి చెవి తమ్మె తనే పట్టుకుని లాక్కోవాలి.

ఆ చెవి లాగడం వెనక ఒక కథ ఉంది. అంతకుముందు ఒక కుక్క చచ్చినట్టు పడుకున్నప్పుడు, చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఎవరో చప్పట్లు కొడితే లేచి కూచుంది. షాటు పాడైంది. అందరి ముందూ మాటపడ్డ వదిన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పుడు పంతులమ్మని పట్టుకుని కూచుంది. పేరు పెట్టి పిలిస్తే లేవకూడదు. నిమిరితే లేవకూడదు. ముక్కు దగ్గర ఉడికించిన మాంసం పెట్టినా లేవకూడదు. నేను నా చెవి లాక్కున్నా లేవకూడదు, వదిన లాక్కుంటేనే లేవాలి. నేర్పడానికి చాలాకాలం పట్టింది గానీ, నేర్పేశాక "నా పంతులమ్మ చస్తే చచ్చినట్టే" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది. మేమూ చప్పట్లు కొట్టేవాళ్ళం.

ఆ క్రిస్మస్ సినిమాకి అయిదు కుక్కలూ మావే. అవి వేసుకున్న ఎర్ర కోట్లు నేను కుట్టినవే. పెద్ద షెడ్డులో మంచు ఊరి సెట్టు వేశారు. కాగితం తురుమూ నురగా కలిపి మంచు చేశారు. చివరి సీను రోజు పొద్దున్నే వదిన వట్టి కాళ్ళతో ఆ మంచంతా తొక్కి చూసింది. మెత్తగా, చల్లగా, బాగానే ఉంది. ఆమె బయటికెళ్ళి కుక్కకి కోటు తొడిగేలోగా, లైటు పడ్డప్పుడు మంచు మెరవడం లేదని డైరెక్టరుకి తోచింది. కుక్క పడుకునే చోట రాళ్ళుప్పు మూటలు తెచ్చి గుమ్మరించారు. గట్టిపడ్డ మంచులా కనపడాలని దాని మీద నీళ్ళు చల్లారు. ఆ మాట వదినకి ఒక్కరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకి తట్టనే లేదు.

వదిన పంతులమ్మని తీసుకొచ్చి చెయ్యి దించింది. పంతులమ్మ ఒరిగింది. కెమెరా తిరిగింది. అయితే వదిన సెట్టులో ఉంటే పంతులమ్మ చెవి ఆమె వైపు తిరుగుతోంది. చచ్చిన కుక్కకి చెవులు తిరగవు కదా. ప్రొడక్షన్ మేనేజరు వచ్చి, "అమ్మా, మీరు కాస్త బయట ఉండండి. అయిపోగానే పిలుస్తాం" అన్నాడు. వదిన బయటికెళ్ళి తలుపు పక్కన స్టూలు మీద కూచుంది. లోపల షాటు నడుస్తోందని గుర్తుగా తలుపు పైన ఎర్రలైటు వెలుగుతోంది. ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ తలుపు తియ్యకూడదు. అది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ మొదటి రోజునే నూరిపోసే మాట.

లోపల షాటు అయిపోయింది. డైరెక్టరు అద్భుతమన్నాడు. ఆ రోజు హీరో పుట్టినరోజు. అవతలి పక్క తలుపులోంచి అందరూ భోజనాల హాలుకి వెళ్ళారు. కేకు కోశారు. ఆ సంబరంలో ఎర్రలైటు ఆర్పేవాడు లైటు ఆర్పలేదు. కుక్కలావిడని పిలవాల్సినవాడు పిలవలేదు. డైరెక్టరు అసిస్టెంటు చూసుకుంటాడనుకున్నాడు, అసిస్టెంటు మేనేజరు చూసుకుంటాడనుకున్నాడు, మేనేజరు వదిన ఎప్పుడో లోపలికొచ్చి తీసుకెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఇంత మంది అనుకునేవాళ్ళున్నారు గానీ, వెళ్ళి చూసినవాడు లేడు.

కాబట్టి తలుపుకి ఈ పక్క మా వదిన లైటు చూస్తూ కూచుంది. ఆ పక్క పంతులమ్మ తడి ఉప్పు మీద, మండుతున్న లైట్ల కింద, చచ్చిపోయి పడుకుంది. అందరూ తిని, కబుర్లు చెప్పుకుని, కాళ్ళు చాపుకుని, మళ్ళీ సాయంత్రం టీలు వచ్చేదాకా.

సెట్టు ఊడ్చే ఆవిడ టీ గ్లాసు తెచ్చి వదిన చేతికిచ్చి, "అక్కా, ఇంకా ఇక్కడే ఉన్నావేంటి? అందరూ ఎప్పుడో వెళ్ళిపోయారుగా" అందట. వదిన గ్లాసు కింద పడేసి, తన పనిలో మొదటిసారి ఎర్రలైటు ఉండగా తలుపు తీసింది.

లోపల చీకటి కాదు, లైట్లన్నీ అలాగే మండుతున్నాయి. పంతులమ్మ తను పడుకోబెట్టినట్టే ఉంది. తల కూడా కదల్లేదు. వదిన తన చెవి లాక్కుంది. పంతులమ్మ ముందుకాళ్ళ మీద లేచింది. పొట్ట కింద వెంట్రుకలు ఉప్పుకి అంటుకుపోయి ఉన్నాయి. మళ్ళీ పడింది. మళ్ళీ లేచి, తూలుకుంటూ, తోక ఊపుకుంటూ వదిన దగ్గరికి వచ్చింది.

"కరిచినా బాగుండేది" అంది వదిన ఇంటికొచ్చాక. "తోక ఊపుకుంటూ వచ్చింది. బాగా చేశానా అన్నట్టు."

పొట్టంతా ఎర్రగా కమిలి, అక్కడక్కడా తోలు ఊడిపోయింది. పాదాలు పగిలాయి. డాక్టరు మందు రాసి, నాకనివ్వొద్దన్నాడు. నేను మెత్తటి నూలుగుడ్డతో కట్లు కుట్టాను. కుడుతున్నంతసేపూ ఆ సినిమావాళ్ళందరినీ వరసబెట్టి తిట్టాను. వదిన నేల మీద పంతులమ్మ పక్కన కూచుని, "నేనా లైటు చూస్తూ కూచున్నాను, చూస్తూ కూచున్నాను" అని మాత్రం అంటుండేది.

మేనేజరు పళ్ళబుట్ట పట్టుకుని వచ్చాడు. బుట్టకి ఎర్ర రిబ్బను కూడా కట్టించాడు మహానుభావుడు. "పొరపాటైపోయిందమ్మా. ఎవరూ కావాలని చేసింది కాదు" అన్నాడు. కాసేపు కుక్కని చూసి చుచ్చుచ్చు అన్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. కుక్క పడి ఉండేది తీశారు గానీ, లేచేది ఇంకా తియ్యలేదు. ఆ బడిపిల్లల్లో ఒక పాప వచ్చి పిలుస్తుంది, కుక్క లేస్తుంది, సినిమా అయిపోతుంది. ఆ ముక్క లేకపోతే సినిమాకి ముగింపే లేదు. పుండ్లు మానగానే ఒక్క గంట తీసుకొస్తే చాలన్నాడు.

"తీసుకురాను" అంది వదిన.

"అలా అనేస్తే ఎలాగమ్మా? క్రిస్మస్‌కి రిలీజు..."

"మళ్ళీ ఆ నేల మీద దాన్ని పడుకోబెట్టను."

మా అన్నయ్య గొంతు సవరించుకుని, "ఒక్కసారే కదా, నువ్వు పక్కనే ఉందువుగాని..." అని మొదలుపెట్టాడు. నేను లేచాను. "అన్నయ్యా, నువ్వు గనక ఇప్పుడు సర్లెండి అన్నావంటే ఆ బుట్టతో నీ నెత్తి మీద కొడతాను" అన్నాను. మేనేజరు లేచాడు. వెళ్ళేటప్పుడు బుట్ట వదిలేసి వెళ్ళబోతే చేతికిచ్చి మరీ పంపాను.

ఆ తర్వాత వాళ్ళ నుంచి మాటా పలుకూ లేదు. కొన్నాళ్ళకి ఫోన్ చేసి, ముగింపు దొరికింది, మీరు రానక్కర్లేదు అన్నారు. వేరే కుక్కకి మచ్చ వేసుకున్నారు కాబోలు అనుకున్నాం. సినిమా రిలీజైన రోజు మా ముగ్గురికీ టికెట్లు పంపారు. నేను వెళ్ళొద్దన్నాను. వదిన, "మిగతా నాలుగూ ఎలా చేశాయో చూడాలి కదా" అంది. వెళ్ళాం.

ముగింపు వచ్చింది. తెర నిండా పంతులమ్మ. వేరే కుక్క కాదు. మంచులో పడి ఉంది. ఊరివాళ్ళు వరసగా వచ్చి, వంగి, దాని తల నిమిరి వెళ్తున్నారు. వెనక గంటలు మోగుతున్నాయి. హీరో వచ్చి నిమిరాడు. బామ్మ వేషం వేసినావిడ నిమిరింది. పిల్లలు నిమిరారు. హాల్లో చుట్టూ ముక్కులు చీదుతున్నారు. వదిన నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళు చచ్చిన కుక్కకి కడసారి వీడ్కోలు చెప్పడం లేదు. వేషాలతోనే భోజనానికి పోతూ, "శభాష్" అని నిమిరి పోతున్నారు. ఒక్కొక్కళ్ళు నిమిరినప్పుడల్లా పంతులమ్మ తోక చివర ఇంత కదిలి, మళ్ళీ ఆగిపోతోంది. తర్వాత మనుషుల్లేరు. అది ఒక్కతే. తల కదపకుండా కళ్ళు మాత్రం తిప్పి ఒక పక్కకే చూస్తోంది.

"తలుపు అటే" అంది వదిన.

అంతలో పంతులమ్మ లేచింది, పడింది, లేచింది. తూలుకుంటూ, తోక ఊపుకుంటూ నడిచింది. ఎదురుగా పాప చేతులు చాపి పరిగెత్తుకొస్తున్నట్టు అతికించారు. హాలంతా చప్పట్లు. ఈలలు. తర్వాత తెలిసింది, పక్కన స్టాండు మీద ఇంకో కెమెరా ఉందట, దాన్నీ ఆపడం మర్చిపోయారట. వాళ్ళు ఆ రోజు లైటుని మర్చిపోయారు, కుక్కని మర్చిపోయారు, మా వదినని మర్చిపోయారు, కెమెరాని మర్చిపోయారు. వాటిలో కెమెరా ఒక్కటే వాళ్ళకి పనికొచ్చింది.

అన్నిటికన్నా చివర, నల్ల తెర మీద తెల్లక్షరాలు పడ్డాయి. ఈ చిత్ర నిర్మాణంలో ఏ జంతువుకీ హాని జరగలేదు అని.

నేను లేచి నిలబడి "అబద్ధం!" అని అరిచాను. వెనకాయన కూచోమన్నాడు. "ఎందుక్కూచోవాలి? ఆ కుక్క మాది! దాని పొట్ట మీద ఇప్పటికీ వెంట్రుకలు మొలవలేదు, వచ్చి చూస్తారా?" అన్నాను. పక్కన పిల్లలు బెదిరిపోయి తల్లుల్ని కరుచుకున్నారు. ఒకావిడ, "పండగపూట పిల్లల ముందు ఇదేం గొడవండీ" అంది. వదిన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మెట్ల మీద నేనేడ్చాను, కోపం పట్టలేక. వదిన ఏడవలేదు. మర్నాడు మేనేజరుకి ఫోన్ చేసి ఆ ముక్క తీసేయమంది. "అమ్మా, సినిమాకి ప్రాణమే ఆ షాటు. అది నటన కాదు కాబట్టే అంత బాగా వచ్చింది" అన్నాడతను. చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంకా నయం, కథ అక్కడితో ఆగలేదు. ఆగి ఉంటే నేనీ పాటికి ఎవరి పీకైనా పిసికి ఉండేదాన్ని.

సినిమా బాగా ఆడింది. పై అంతస్తుల పిల్లలకి పంతులమ్మ దేవతైపోయింది. పెరట్లో వదిన చేసే సైగలన్నీ వాళ్ళు రోజూ పైనుంచి చూసేవే. ఒక సాయంత్రం అన్నయ్యా వదినా మిగతా కుక్కల్ని తీసుకుని పనికెళ్ళారు. నేను ముందుగదిలో ఒకావిడకి కొలతలు తీస్తున్నాను. పిల్లలు పెరట్లో సినిమా ఆట మొదలుపెట్టారు. ఎవరో చెయ్యి దించారు. పంతులమ్మ ఒరిగిపోయింది. పడుకోవడం దానికి ఎవరు చెప్పినా తెలుసు, లేవడమే వదిన చెబితే తప్ప తెలీదు. రెండో అంతస్తు పిల్ల పాప వేషం కట్టి, చేతులు చాపి "లే, లే!" అని పిలిచింది. లేవలేదు. నిమిరారు, బతిమాలారు, బిస్కెట్లు పెట్టారు. ఇంతలో వాన మొదలైంది. పిల్లలు ఇళ్ళలోకి పరిగెత్తారు.

కొలతలకొచ్చినావిడని పంపించి నేను పెరటి తలుపు తీసేసరికి వాన ధారగా పడుతోంది. పంతులమ్మ సిమెంటు మీద పడి ఉంది. చుట్టూ నీళ్ళు కట్టాయి. "లేవవే!" అని అరిచాను. చెవి లాక్కున్నాను, తమ్మె ఊడి చేతికొస్తుందేమో అన్నంత గట్టిగా. నా చెవిని అది లెక్కచేయలేదు. ఎత్తబోతే బరువు. కాళ్ళు పట్టి లాగబోతే మానిన పొట్ట గచ్చుకి రాసుకుంటోంది. చివరికి గొడుగు తెచ్చి దాని మీద పట్టుకుని వానలో కూచున్నాను. కూచుని దాన్ని తిట్టాను, సినిమాని తిట్టాను, ఇంత బాగా నేర్పినందుకు మా వదిననీ తిట్టాను.

వదిన వచ్చి గుమ్మంలోంచి చూసింది. చెవి లాగింది. పంతులమ్మ చటుక్కున లేచి ఒళ్ళు విదుల్చుకుని, తోక ఊపుకుంటూ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది.

రెండో అంతస్తు పిల్ల మెట్ల మీదికొచ్చి బిక్కమొహం వేసింది. "మేం లే అన్నాం ఆంటీ. సినిమాలో లేచింది కదా. మాకెందుకు లేవలేదు?"

వదిన లోపలికొచ్చి పంతులమ్మని తువ్వాలుతో తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి తువ్వాలు గోడకేసి కొట్టింది. ఆమె కోపం నేను చూడ్డం అదే మొదలు. "వాళ్ళు మర్చిపోయారు సరే. మర్చిపోతే లేవకుండా దీన్ని తయారుచేసిందెవరు? నేను బయటికెళ్తే ఎవరో చెయ్యి దించుతారు, ఇది పడుంటుంది. నేను పోయాననుకో, చచ్చేదాకా అలాగే పడుంటుంది. ఇది లేవాలి. ఎవరూ చెప్పకుండా దానంతటది లేవాలి" అంది.

ఆ మర్నాడే మొదలుపెట్టింది. మాట వినడం నేర్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. మాట వినకపోవడం ఎలా నేర్పాలో ఆమెకి తెలీదు. చెయ్యి దించి, తను వంటింట్లోకి వెళ్ళిపోయేది. పంతులమ్మ పడుకునే ఉండేది. మాంసం గిన్నె పెట్టేది. పడుకునే ఉండేది. గిన్నెలు కిందపడేసినా, వీధి తలుపు తీసి పెట్టినా పడుకునే ఉండేది. వదిన గోడవతలినుంచి తొంగిచూసి, ఉండబట్టలేక చెవి లాగేసేది. "నువ్వు లాగితే ఇంకేం నేర్చుకుంటుంది వదినా?" అని నేను కసిరేదాన్ని. "అలా పడుంటే చూడలేనమ్మా" అనేది. ఆ తర్వాత ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డం నేర్చుకుంది.

ఎన్నో వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం నా కత్తెర మిషను మీద నుంచి జారి దభీమని పడింది. పడుకుని ఉన్న పంతులమ్మ తల ఎత్తింది. ఎత్తి, తప్పుచేశానేమో అన్నట్టు వదిన వైపు చూసి చెవులు వెనక్కి పెట్టింది. వదిన పరిగెత్తుకెళ్ళి దాని నోట్లో పెద్ద మాంసం ముక్క పెట్టింది. పంతులమ్మ ముక్క తిని, అనుమానంగా చూసి, మళ్ళీ చచ్చిపోయింది. నేను పడీపడీ నవ్వాను. అయినా దారి దొరికింది. తల ఎత్తితే ఒక ముక్క, కూచుంటే రెండు, లేచి నడిస్తే గిన్నెడు. మిగతా నాలుగు కుక్కలూ ఇది గమనించి, ఎవరు ఏ సైగ చేసినా ఎదురు తిరగడం మొదలుపెట్టాయి. ఇల్లు సంతైపోయింది. వ్యాను ఎక్కమంటే ఎక్కవు, దిగమంటే దిగవు. అన్నయ్య తల పట్టుకున్నాడు. "సర్లెండి అను అన్నయ్యా, ఇప్పుడను" అన్నాను. వదిన పని చాలావరకు పోయింది. పిలిచేవాళ్ళు తగ్గారు. ఆమె లెక్కచేయలేదు.

కానీ అదంతా మా ముందే. పరాయివాళ్ళు వచ్చి గట్టిగా చెయ్యి దించితే ఏం చేస్తుందో మాకు తెలీదు. ఆ భయం వదినకి పోలేదు. పంతులమ్మని వదిలి వీధి చివరికి కూడా వెళ్ళేది కాదు.

అలా ఉండగా మళ్ళీ మేనేజరు వచ్చాడు. ఈసారి బుట్ట లేదు, చంకలో ఫైలూ, మొహం నిండా నవ్వూ. రెండో భాగం తీస్తున్నారట. మొదటి దాంట్లో లాగే దీంట్లోనూ చివర్లో కుక్క పడిపోవాలట, లేవాలట. జనం అదే అడుగుతున్నారట. నేను నోరు తెరవబోతే వదిన కళ్ళతో ఆపింది.

"ఏదమ్మా మన స్టార్?" అంటూ అతను పెరటి గుమ్మంలోకి నడిచాడు. పంతులమ్మ అక్కడే నిలబడి ఉంది. అతను చెయ్యి చాపి, అరచేయి తిప్పి, వదిన చేసినట్టే మెల్లగా కిందికి దించాడు.

పంతులమ్మ అతని చేతిని చూసింది. దాని ముందుకాళ్ళు వంగాయి. పొట్ట నేలకి తగలబోయింది. అది వదిన వైపు చూసింది. వదిన చేతులు వెనక్కి కట్టుకుని ఉంది, చెవి వైపు పోనివ్వలేదు. వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి నులుముకుంటున్నాయి. పంతులమ్మ అలా సగంలో కాసేపు ఆగింది. ఆగి, కాళ్ళు చాపి నిటారుగా నిలబడింది. ఒళ్ళు విరుచుకుని, మేనేజరుని ఎగాదిగా చూసి, అతని పక్కనుంచే నడుచుకుంటూ బయటికెళ్ళి ఎండలో కూచుంది.

మేనేజరు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మళ్ళీ దించాడు. ఈసారి పంతులమ్మ తల కూడా తిప్పలేదు.

"ఇదేంటమ్మా? మాట వినడం లేదేంటి? అంత మంచి కుక్క, ఇలా పాడైపోయిందేంటి?"

"అవునండీ" అంది వదిన. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు ఖంగుమంది. "పూర్తిగా పాడైపోయింది. ఇక ఎవరు చెప్పినా చావదు."